ఇంటర్వ్యూకి ఎట్లా సిద్ధం కావాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అభ్యర్థులకు

కందుకూరులో డిగ్రీ చదువుతూ, మూడేళ్లు నాన్నతో పాటు రొయ్యల చెరువు గట్టు మీద నిద్ర కాచిన అబ్బాయి ఇంటర్వ్యూలో కూర్చుని "నాకు అనుభవం ఏమీ లేదు సార్, ఫ్రెషర్‌ని" అంటాడు. చీమకుర్తిలో మేనమామ గ్రానైట్ యూనిట్‌కి రెండేళ్లు లెక్కలు రాసిన అమ్మాయి "ఖాళీగా ఉన్నాను మేడం" అంటుంది. ఉద్యోగం చేజారేది అక్కడే. ఇంగ్లీషు తడబడిందనో, సిఫారసు లేదనో తర్వాత అనుకుంటారు గానీ, అవతలివాళ్లకు పట్టుకుని అడగడానికి ఒక్క పని కూడా దొరకలేదన్నది అసలు సంగతి. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాం: మీరు చేసిన పనిని కొలతలతో, వరసగా, రెండు నిమిషాల్లో చెప్పడం ఎట్లా అని. కాగితాలు, బట్టలు, ప్రయాణం, జీతం మాట కూడా వాటి వంతులో వస్తాయి.

ఫోన్ వచ్చిన రోజే మొదలవుతుంది

హెచ్ఆర్ నుంచి వచ్చే మొదటి ఫోన్ కూడా ఇంటర్వ్యూలో భాగమే. ఉద్యోగాలకు అప్లై చేస్తున్నన్నాళ్లు కాలర్ ట్యూన్ తీసేయండి. కొత్త నంబర్ కదా అని కట్ చేయకండి. ఎత్తగానే "ఎవురు?" అనకుండా "నమస్కారం, చెప్పండి" అనండి. బస్సులోనో సెంటర్లోనో ఉండి సరిగ్గా వినపడకపోతే, వినపడినట్టు నటించి "సరే సార్, సరే సార్" అనవద్దు. "బస్సులో ఉన్నాను సార్, పది నిమిషాల్లో నేనే చేస్తాను" అని చెప్పి, సరిగ్గా పది నిమిషాలకు చేయండి.

ఫోన్ పెట్టేసే ముందు ఈ వివరాలు రాసుకోవాలి: కంపెనీ పూర్తి పేరు, ఏ పోస్టు, ఇంటర్వ్యూ ఆఫీసులోనా ప్లాంటులోనా, ఎన్ని గంటలకు, గేటు దగ్గర ఎవరి పేరు చెప్పాలి, రాత పరీక్ష ఉందా, ఒరిజినల్స్ తేవాలా. ప్లాంటు కృష్ణపట్నంలో ఉన్నా ఇంటర్వ్యూ చెన్నై ఆఫీసులో పెట్టేవాళ్లు ఉంటారు. అడగకుండా ముత్తుకూరు బస్సెక్కితే ఆ రోజు పోయినట్టే. మాటల్లో చెప్పినదాన్ని మెసేజ్‌గానో మెయిల్‌గానో పంపమనండి, లొకేషన్ కూడా. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, అడిగేవాళ్లను చూస్తే హెచ్ఆర్‌కు పని సులువవుతుంది.

రిజిస్ట్రేషన్ ఫీజనో, యూనిఫామ్ డిపాజిట్ అనో డబ్బు కట్టమంటే అక్కడితో ఆపేయండి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ జీతం ఇస్తుంది, ఇంటర్వ్యూకి డబ్బు తీసుకోదు.

కాగితాలు: పేరు దగ్గరే చిక్కు

ఒక ప్లాస్టిక్ ఫైలు తీసుకుని ఈ వరసలో పెట్టండి: రెజ్యూమె మూడు కాపీలు, పదో తరగతి మెమో, ఇంటర్ లేదా ఐటీఐ, డిప్లొమా మెమోలు, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, అనుభవం ఉంటే రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్, ఆధార్, పాన్, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. జిరాక్సులు ఒక కవర్లో, ఒరిజినల్స్ ఇంకో కవర్లో. అడిగిన కాగితం ఐదు సెకన్లలో తీసి ఇవ్వగలిగితే మీ గురించి ఒక మంచి అభిప్రాయం మీరు మాట్లాడకుండానే ఏర్పడుతుంది. ఒళ్లో ఫైలు పెట్టుకుని కాగితాలు కింద పోసుకుంటే దానికి ఎదురు.

ఎక్కువమందికి తగిలే చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్‌లో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. ఇంటర్వ్యూ నెగ్గాక పీఎఫ్ ఖాతా దగ్గర ఇది అడ్డుపడుతుంది. ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టిన వారంలోనే పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావి సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి ఆధార్ కేంద్రంలో రసీదు తీసుకునే ముందు అక్షరం అక్షరం చదివి చూడండి. ఇంటర్వ్యూ నాటికి పని కాకపోతే దాచవద్దు. "మెమోలో పూర్తి ఇంటిపేరు ఉంది సార్, ఆధార్‌లో ఇనిషియల్ ఉంది, మార్పుకు పెట్టాను, రసీదు ఇది" అంటే చాలు.

ఒరిజినల్స్ చూపించండి, అక్కడ వదిలి రాకండి. "చేరేదాకా మా దగ్గరే ఉంటాయి" అన్న చోట చేరాలా వద్దా అని ఇంటికొచ్చి ఆలోచించుకోవాలి.

రెజ్యూమె కొత్తవాళ్లకు ఒక్క పేజీ. నెట్‌లో దొరికిన ఆబ్జెక్టివ్ పేరా తీసేయండి, ప్రతి ఒక్కరిదీ అదే. నాన్న వృత్తి, మతం, హాబీల కింద "టీవీ చూడటం" కూడా అక్కర్లేదు. ఆ మిగిలిన చోటులో చేసిన పనులు రాయాలి. మెయిల్ ఐడీ మీ పేరుతోనే ఉండాలి. ఇంటర్‌లో సరదాకు పెట్టుకున్న ఐడీ ఉంటే కొత్తది చేసుకోండి, రెండు నిమిషాల పని.

చేసిన పని చెప్పడం

ఒక తెల్ల కాగితం తీసుకుని, గత నాలుగైదేళ్లలో చేతులతో చేసిన ప్రతి పనీ రాయండి. జీతం వచ్చిందా లేదా అన్నది పక్కన పెట్టండి. చెరువు, పొగాకు బ్యారన్, పిండిమర, కిరాణా కొట్టు, కాలేజీ ప్రాజెక్టు, ఊళ్లో పెళ్లి లెక్కలు, ఏదైనా సరే. ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు వేసుకోండి: ఏం పని, ఎంత పరిమాణం, ఎన్నాళ్లు, ఏది చెడింది, చెడ్డప్పుడు మీరేం చేశారు. ఐదింటికీ జవాబు ఉన్న పనులు రెండు దొరికితే ఇంటర్వ్యూకి అవే మీ ఆస్తి.

చెరువు అబ్బాయి దగ్గరికే వద్దాం. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనో, మేత కంపెనీలోనో, హేచరీలోనో ఇంటర్వ్యూ అనుకోండి. "నాకు ఆక్వా గురించి బాగా తెలుసు సార్" అన్న మాటకు బరువు లేదు. ఇట్లా చెప్పి చూడండి:

"మా చెరువు ఎకరంన్నర సార్. వెనామీ రకం రొయ్య, లక్షన్నర పిల్ల వేశాం. రాత్రి కాపలా, డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూడటం నా పని. తెల్లవారుజామున నాలుగింటికి మీటరు పెట్టి చూసేవాణ్ణి. నాలుగు పీపీఎం కంటే కిందికి వస్తుందనిపిస్తే ఏరేటర్లు (నీళ్లకు గాలి అందించే మిషన్లు) అన్నీ వేసేవాణ్ణి. చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మేత మిగిలితే తర్వాతి పూట మేత తగ్గించేవాళ్లం. ఒక పంటలో మబ్బు పట్టిన రోజుల్లో కూడా మేత తగ్గించలేదు, అడుగు నల్లబడింది, రొయ్య సరిగ్గా తినలేదు. ఆ తర్వాతి పంట నుంచి రోజూ ట్రే లెక్క నోటు పుస్తకంలో రాశాను."

ఇందులో పెద్ద మాటలు లేవు. ఎకరాలు, పిల్ల లెక్క, గంట, పీపీఎం, ఒక తప్పు, దాని దిద్దుబాటు ఉన్నాయి. వెంటనే అవతలి ఆయన "నాలుగింటికే ఎందుకు?" అంటారు. ఇది పరీక్ష. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని ఆల్గే ఆక్సిజన్ తయారు చేయదు, పైగా రొయ్యతో పాటు అది కూడా వాడుకుంటుంది, అందుకే సూర్యుడు రాబోయే ముందు డీవో బాగా పడిపోతుంది. చేసిన పని వెనక "ఎందుకు" తెలిసినవాడు నేర్చుకునే మనిషి అని వాళ్లకు అర్థమవుతుంది. కాబట్టి కాగితం మీద రాసుకున్న ప్రతి సంఖ్య పక్కన ఎందుకు అనేది కూడా రాసుకోండి. తెలియకపోతే ఈ వారంలో తెలుసుకోండి, చెరువుల మీద తిరిగే టెక్నీషియన్‌ను అడిగినా చెబుతారు.

అక్కడి నుంచి కంపెనీ పనికి ఒక వంతెన వేయాలి. ప్రాసెసింగ్ ప్లాంటు అయితే: పట్టిన రొయ్య ఐసులో పడటానికి ఎంతసేపు పట్టింది, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎట్లా చూశారు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందులు చెరువులో ఎందుకు వాడకూడదు, గడ్డకట్టించిన సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఎందుకు ఉండాలి. ఇవి నాలుగూ తెలిసి వెళ్తే క్వాలిటీ విభాగంలో మీ మాట వింటారు.

ఐటీఐ, డిప్లొమా వాళ్లకు చేతికి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) ఇచ్చి ఒక ముక్క కొలవమనడం మామూలే. ఇక్కడ మంచి అభిప్రాయం వచ్చేది జవాబు కంటే ముందే. ఇట్లా చేయండి: దవడలు గుడ్డతో తుడవండి, రెండూ కలిపి సున్నా సున్నాతో కలుస్తోందా చూడండి, కలవకపోతే "జీరో ఎర్రర్ ఉంది సార్" అని ముందే చెప్పండి. తర్వాత ముక్కను వంకర లేకుండా పట్టి, గట్టిగా నొక్కకుండా చదవండి. 0.02 మిల్లీమీటర్ల లీస్ట్ కౌంట్ (కొలవగలిగే అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్‌లో మెయిన్ స్కేలు 24 దాటి, వెర్నియర్ 13వ గీత కలిస్తే 13 × 0.02 = 0.26, కొలత 24.26 మి.మీ. జవాబును యూనిట్‌తో సహా చెప్పండి. వట్టి "24.26" అని ఆగితే ఆ సంఖ్య మిల్లీమీటర్లా సెంటీమీటర్లా అని మళ్లీ అడిగించుకోవాలి. తడ దగ్గరి పారిశ్రామికవాడ శ్రీసిటీ వైపు జపాన్, కొరియా కంపెనీల్లో ఫైవ్ ఎస్ అడుగుతారు: అక్కర్లేనివి తీసేయడం, కావలసినవాటికి చోటు పెట్టడం, శుభ్రం చేయడం, దాన్ని పద్ధతిగా మార్చడం, రోజూ పాటించడం. పేర్లు వల్లించడం కంటే మీ ఐటీఐ వర్క్‌షాపులో ఏ బెంచీ మీద ఇది ఎట్లా చేశారో ఒక్క ఉదాహరణ పెట్టుకోండి.

లెక్కలు రాసిన అమ్మాయి చెప్పాల్సింది: నెలకు ఎన్ని బిల్లులు, స్లాబులు చదరపు అడుగుల్లో లెక్క ఎట్లా వేసేది, సరుకు విలువ 50 వేలు దాటినప్పుడు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కాగితం) ఎవరు తీసేవాళ్లు, నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 11వ తేదీలోపు, 3బి 20వ తేదీలోపు వెళ్లడానికి ఆడిటర్‌కు కాగితాలు ఏ రోజు పంపేది. టాలీ సర్టిఫికెట్ కంటే ఈ నాలుగు వాక్యాలకు ఎక్కువ విలువ ఉంటుంది.

చేయని పనిని చేశానని మాత్రం చెప్పకండి. రెండో ప్రశ్నకే బయటపడుతుంది, ఆ తర్వాత మీరు నిజంగా చేసిన పనిని కూడా నమ్మరు.

"మీ గురించి చెప్పండి"

దీనికి అరవై నుంచి తొంభై సెకన్లు. పేరు, ఊరు ఒక వాక్యం. చదువు ఒక వాక్యం. పైన తయారు చేసుకున్న పని మూడు వాక్యాలు. ఈ పోస్టు ఎందుకు అన్నది ఒక వాక్యం. అమ్మానాన్నల వివరాలు, అన్నదమ్ములు ఎంతమంది అన్నవి అడిగితే చెప్పొచ్చు.

ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి వింటే మనవాళ్లకు సాధారణంగా రెండు లోపాలు తెలుస్తాయి: మాట పరుగు, వాక్యం చివర మాయమయ్యే గొంతు. పక్క గదిలో ఉన్న అమ్మకు ప్రతి మాటా వినపడేలా, ఇప్పుడు మాట్లాడేదానికంటే కొంచెం నెమ్మదిగా చెప్పి మళ్లీ రికార్డు చేయండి. ఐదారుసార్లు చేస్తే చాలు. ఇరవైసార్లు చేస్తే పద్యం ఒప్పజెప్పినట్టు వస్తుంది, మధ్యలో ఒక్క ప్రశ్న పడితే దారి తప్పుతుంది.

ఇంగ్లీషులో మొదలుపెట్టేవాళ్లు "మైసెల్ఫ్ ఫలానా" అనకండి, "మై నేమ్ ఈజ్" చాలు. చిన్న వాక్యాలు వాడండి. మధ్యలో ఆగిపోతే, "మిగతాది తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగండి. ఆపరేటర్, సూపర్‌వైజర్, క్వాలిటీ ఉద్యోగాల్లో చాలాచోట్ల ఒప్పుకుంటారు. మెయిళ్లు రాసే ఉద్యోగమైతే ఒప్పుకోకపోవచ్చు, దానికి ఇంగ్లీషు సాధన తప్పదు. తడ, సూళ్లూరుపేట వైపు కంపెనీల్లో తమిళం మాట్లాడే మేనేజర్లు ఉంటారు. మీకు తమిళం వస్తే రెజ్యూమెలో భాషల దగ్గర రాయండి, అది ఆ వైపు పనికొచ్చే నైపుణ్యమే.

గవర్నమెంటు ఉద్యోగానికి చదివిన ఏళ్లు

నెల్లూరులో, ఒంగోలులో గ్రూప్స్‌కో డీఎస్సీకో కానిస్టేబుల్‌కో కోచింగ్ తీసుకుని రెండు మూడేళ్లు గడిపినవాళ్లు ఆ ఖాళీని దాచాలని చూస్తారు. అవతలివాళ్ల భయం వేరు: నోటిఫికేషన్ రాగానే పోతాడేమో అని. మీరు ఇంట్లో ఖాళీగా ఉన్నారని చెబితే ఆ భయం పోకపోగా, బద్ధకస్తుడన్న అనుమానం తోడవుతుంది.

ఉన్నదే చెప్పండి: "డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఎస్సైకి చదివాను సార్. ప్రిలిమ్స్ నెగ్గాను, మెయిన్స్‌లో పోయింది. మార్చి నుంచి కోచింగ్ మానేసి ఉద్యోగం చూసుకుంటున్నాను." ఆ తర్వాత ఆ రెండేళ్లలో వచ్చింది ఏమిటో ఒక్క వాక్యం: లెక్కల వేగమో, రోజుకు ఎనిమిది గంటలు కుదురుగా కూర్చోవడమో. ఇంకా పరీక్షలు రాసే ఉద్దేశం ఉంటే, లేదని ప్రమాణాలు చేయవద్దు. అడిగితే "వయసు ఉన్నన్నాళ్లు రాయాలని ఉంది సార్, కానీ ఉద్యోగం వేళల్లో చదువు తేను, పోయే పరిస్థితి వస్తే నోటీసు ఇచ్చే పోతాను" అనొచ్చు. కొందరు వద్దంటారు. మాట దాచి చేరి, ఆర్నెల్లకు చెప్పకుండా పోతే, తర్వాత మన ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఆ కంపెనీ తలుపు మూసుకుంటుంది.

సప్లీలు ఉన్నా ఇంతే. ఎన్ని, ఏ సబ్జెక్టు, ఎప్పుడు పాసయ్యారు అని చెప్పి ఆపేయండి. లెక్చరర్ మీద, వాల్యుయేషన్ మీద నేరం మోపవద్దు.

బట్టలు, చేతులు

మగవాళ్లకు లేత రంగు ఫుల్ చేతుల షర్టు, ముదురు ప్యాంటు, ఒకే రంగు బెల్టూ బూట్లూ. ఆడవాళ్లకు చుడీదార్ పిన్ను పెట్టిన చున్నీతో, లేదా కాటన్ చీర. కొత్తవి కానక్కర్లేదు, ఇస్త్రీ ఉంటే సరిపోతుంది. బల్ల మీద చేయి పెట్టినప్పుడల్లా గలగలలాడే గాజులు ఆ రోజుకు తగ్గించండి. క్షౌరం ముందు రోజు కాకుండా మూడు రోజుల ముందు చేయించుకుంటే జుట్టు సర్దుకుంటుంది. సెంటు వద్దు, చిన్న ఏసీ గదిలో ఘాటెక్కుతుంది.

మన ఎండలకు ఒక ఏర్పాటు తప్పనిసరి. ఏప్రిల్, మేలో బస్సు దిగేసరికి షర్టు వీపుకు అతుక్కుపోతుంది. ప్రయాణానికి వేరే షర్టు వేసుకోండి, ఇంటర్వ్యూ షర్టు అట్టముక్క మీద మడిచి కవర్లో పెట్టుకోండి. స్టేషన్ వెయిటింగ్ హాల్లో మొహం కడుక్కుని మార్చుకుంటే పది నిమిషాల పని.

రొయ్యల ప్లాంటు, బిస్కెట్, పాల కంపెనీ లాంటి ఆహారం తయారయ్యే చోటికి వెళ్తుంటే గోళ్లు పూర్తిగా కత్తిరించండి. గోళ్ల రంగు, ఉంగరం, చేతి దారం, తలలో పూలు ఆ రోజుకు వద్దు. లోపల ప్రొడక్షన్ హాల్లోకి అవి రానివ్వరు, సరుకులో పడతాయని. ఇంటర్వ్యూ చేసే క్వాలిటీ మేనేజర్ కళ్లు అలవాటుగా చేతుల మీదికే పోతాయి. చేతి మీద తెగిన గాయం ఉంటే అడగక ముందే చెప్పండి.

ప్రయాణం

తొమ్మిదింటికి ఇంటర్వ్యూ అంటే గేటు దగ్గర ఎనిమిదిన్నరకు ఉండాలి. రిసెప్షన్‌లో పేరు చెప్పేది పదిహేను నిమిషాల ముందు. మరీ గంట ముందే లోపలికి పోతే వాళ్లకు కూడా ఇబ్బంది. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజాము బస్సును నమ్ముకోకుండా ముందు రోజే నెల్లూరో సూళ్లూరుపేటో చేరి బంధువుల ఇంట్లో పడుకోండి. తడలో రైలు దిగగానే శ్రీసిటీ వచ్చేసినట్టు కాదు. అక్కడి నుంచి ఆటో కావాలి, లోపల కూడా కంపెనీకీ కంపెనీకీ మధ్య కిలోమీటర్ల దూరం ఉంటుంది, కాబట్టి ఇంకో ముప్పావు గంట చేతిలో ఉంచుకోండి.

పొద్దున రెండు ఇడ్లీ, మంచినీళ్లు. ఆలస్యమవుతుందని తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేయాలి, గంట దాటాక చేసే ఫోన్‌కు విలువ లేదు.

గదిలో

తలుపు తట్టి, అనుమతి అడిగి లోపలికి వెళ్లి, గదిలో ఎంతమంది ఉంటే అంతమందికీ నమస్కారం చెప్పండి. ఒక పక్కగా కూర్చున్న మేడమ్‌ను వదిలేసి పెద్ద కుర్చీ ఆయనకే చెప్పడం చాలామంది చేసే తప్పు, చాలాసార్లు ఆ మేడమే విభాగాధిపతి. వాళ్లు చేయి చాపితే చేయి కలపండి, లేకపోతే నమస్కారం చాలు. కూర్చోమన్నాక కూర్చోండి. బ్యాగు నేల మీద, ఫైలు ఒళ్లో. ఫోన్ స్విచాఫ్ చేయండి, వైబ్రేషన్‌లో పెడితే చెక్క బల్ల మీద ఆ చప్పుడే పెద్దదిగా వినపడుతుంది.

మన వైపు ఎంత గౌరవం ఉన్నా నోటికి "ఆఁ", "అట్నే లేన్నా", "కాదబ్బా" వస్తాయి. ఇంట్లో రెండు రోజుల ముందు నుంచే "అవును సార్", "కాదు మేడం" అని అలవాటు చేసుకోండి. యాసను దాచనక్కర్లేదు, అది ఎవరికీ అడ్డు కాదు. మాట చివర మర్యాద ఉంటే చాలు.

ప్రశ్న పూర్తయ్యాకే జవాబు మొదలుపెట్టండి. అర్థం కాకపోతే "ఇంకోసారి చెప్పండి సార్" అనండి. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్" అని, దానికి దగ్గరగా తెలిసింది ఒక్క వాక్యం జోడించండి: "పీఎల్‌సీ ప్రోగ్రాం రాయడం రాదు సార్, ప్యానెల్లో వైరింగ్ చూసి ఫాల్ట్ పట్టగలను." ఊహించి చెప్పే జవాబు కంటే ఇది నయం.

ప్లాంటు చూపిస్తామని తీసుకెళ్తే అది కూడా ఇంటర్వ్యూయే. హెల్మెట్ ఇస్తే గడ్డం కింద పట్టీ బిగించండి. పసుపు గీత లోపలే నడవండి. ఏ మిషన్‌నూ ముట్టుకోవద్దు. ఫోన్ తీసి ఫొటో తీయవద్దు. చెప్పులతో వెళ్తే షాప్ ఫ్లోర్ దాకా రానివ్వరు, అందుకే ఎండాకాలమైనా బూట్లే.

చివర "మీరేమైనా అడుగుతారా?" అంటారు. "ఏం లేదు సార్" అనకండి. శిక్షణ ఎన్ని వారాలు, షిఫ్టులు ఎట్లా మారతాయి, కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది, బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. ఈ నాలుగూ మీకు నిజంగా కావలసిన సంగతులు. ఆడపిల్లలు రాత్రి షిఫ్టు, హాస్టల్, బస్సు దిగబెట్టే చోటు గురించి మొహమాటపడకుండా అడగాలి. సెలవుల గురించి ఆఫర్ వచ్చాక అడగొచ్చు.

జీతం మాట

"ఎంత అనుకుంటున్నారు?" అన్నప్పుడు "మీ ఇష్టం సార్" అంటే తక్కువకే ఒప్పుకున్నట్టు. ఆ పోస్టుకు ఆ ప్రాంతంలో ఎంత ఇస్తున్నారో చేరిన సీనియర్లను ఇద్దరు ముగ్గురిని కనుక్కుని, ఒక సంఖ్య చెప్పండి. సీటీసీనా (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు), చేతికొచ్చేదా అని కూడా చెప్పండి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక చేరిన మొదటి నెలలోనే మనసు విరిగినవాళ్లు చాలామంది ఉంటారు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. నెలకు 20,000 సీటీసీ, అందులో బేసిక్ 10,000 అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,200. గ్రాట్యుటీ (ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము) కింద బేసిక్‌లో 4.81 శాతం, 481. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది, కంపెనీ వాటా 3.25 శాతం, సుమారు 577. ఇవి పోగా మీ గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) దాదాపు 17,740. దాంట్లోంచి మీ వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 133, మన రాష్ట్రంలో వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 16,250 దరిదాపు. బస్సుకు, క్యాంటీన్‌కు కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి 20,000 చేతికి కావాలంటే 20,000 సీటీసీకి తలూపకూడదు. మీ వాటా పీఎఫ్ పోయిన డబ్బు కాదు, మీ ఖాతాలోనే ఉంటుంది, ఈఎస్ఐతో ఇంట్లోవాళ్లకు కూడా వైద్యం దొరుకుతుంది. ఆ రెండూ లేని 18,000 కంటే, రెండూ ఉన్న 16,250 మేలని మా అభిప్రాయం.

వీడియో ఇంటర్వ్యూ అయితే

ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా పుస్తకాల దొంతర మీద కంటి ఎత్తులో నిలబెట్టండి. కిటికీ మీ వెనక కాకుండా ఎదురుగా ఉండాలి, లేకపోతే మొహం నల్లగా పడుతుంది. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, కాబట్టి రెండో సిమ్‌లో డేటా వేయించి, ఫోన్ పూర్తిగా చార్జి చేసి ఉంచండి. మాట్లాడేటప్పుడు కెమెరా చుక్కను చూడండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి కుక్కర్ ఆ అరగంట ఆపించండి. లైన్ తెగితే వెంటనే హెచ్ఆర్‌కు ఫోన్ చేసి చెప్పి మళ్లీ కలవండి.

బయటికొచ్చాక

అడిగిన ప్రశ్నలు గేటు దాటగానే నోటు పుస్తకంలో రాసుకోండి, సాయంత్రానికి సగం మర్చిపోతారు. ఆ రోజే హెచ్ఆర్‌కు రెండు వాక్యాల మెసేజ్ పంపండి: ఇంటర్వ్యూకి పిలిచినందుకు ధన్యవాదాలు, అడిగిన కాగితం ఏదైనా బాకీ ఉంటే ఎప్పుడు పంపేదీ. వాళ్లు చెప్పిన గడువు దాటి రెండు రోజులు చూసి ఒకసారి అడగండి. రోజూ "ఏమైంది సార్" అని వాట్సాప్ పెడితే అప్పటిదాకా తెచ్చుకున్న మంచి పేరు పోతుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక పేరు అక్షరాలు, పోస్టు, పని చేసే చోటు, సీటీసీ విడివిడి లెక్క, ప్రొబేషన్ కాలం, నోటీసు కాలం, బాండ్ మొత్తం చూడండి. గదిలో నోటితో చెప్పినది కాగితంలో లేకపోతే, సంతకం పెట్టే ముందే మెయిల్‌లో అడిగి జవాబు రాయించుకోండి. లెటర్ కంపెనీ మెయిల్ నుంచి వచ్చిందో, మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందో కూడా చూడండి. అనుమానం ఉంటే కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి, మీ పేరు, పోస్టు చెప్పి నిర్ధారించుకున్నాకే ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.